తల కింది చుట్టకుదురు

ఈ వ్యాసం చదివే ముందు ఒక చిన్న పని చేయండి. నిటారుగా కూర్చోండి. "అన్నం తిన్నావా?" అని అమ్మ అడిగిందనుకుని, అవునన్నట్టు తల కిందికీ పైకీ ఊపండి. తరవాత "లెక్కలన్నీ చేశావా?" అని నాన్న అడిగారనుకుని, లేదన్నట్టు తల అడ్డంగా తిప్పండి.

రెండూ మీరు రోజూ ఎన్నోసార్లు చేసే పనులే. కాని ఆ రెండు కదలికలూ ఒకే కీలు దగ్గర జరగవు. అవునన్నప్పుడు ముఖ్యంగా ఊగే కీలు వేరు, కాదన్నప్పుడు ముఖ్యంగా తిరిగే కీలు వేరు. రెండింటికీ మధ్య దూరం రెండంగుళాలైనా ఉండదు. అంత కొద్ది చోటులో ప్రకృతి ఎలాంటి యంత్రాన్ని అమర్చిందో, ఆ యంత్రమంతా ఎంత చిన్న పట్టీ మీద ఆధారపడి ఉందో తెలిస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. అంతేకాదు, ఆ సంగతి తెలిసినవారు ఏదో ఒకనాడు దారి పక్కన పడి ఉన్న ఒక మనిషి జన్మంతా మంచాన పడకుండా కాపాడగలరు కూడా. అదెలాగో చివర చూద్దాం.

ఏడు పూసల దొంతర

పెద్దవాళ్ల తల బరువు సుమారు 5 కిలోలు. ఓ మోస్తరు పుచ్చకాయంత అన్నమాట. ఈ బరువును పగలంతా మోసేది మెడలోని వెన్నెముక. వెన్నెముక ఒకే ఎముక కాదని మీ పాఠాల్లో చదివే ఉంటారు. కుండల దొంతరలాగా ఒకదాని మీద ఒకటి పేర్చిన వెన్నుపూసల వరుస అది. ఈ పూసలనే శాస్త్ర పరిభాషలో కశేరుకాలంటారు. మెడలో ఇవి ఏడు.

తల బాగా ముందుకు వంచి, చొక్కా కాలరు తగిలే చోట మెడ వెనక వేలితో నిమరండి. గుండీలాగా పొడుచుకు వచ్చిన ఎముక ఒకటి తగులుతుంది. చాలామందిలో అది ఏడో పూస తాలూకు వెనకటి ముల్లు. అక్కడి నుంచి పుర్రె అడుగు వరకు, జానెడు కూడా లేని ఆ చోటులోనే మిగిలిన ఆరు పూసలూ ఇమిడి ఉన్నాయి.

ఈ ఏడు అంకె మనిషి ఒక్కడి సొత్తు కాదు. ఎలుక మెడలో ఏడు పూసలే, ఏనుగు మెడలో ఏడే, చెట్ల చిటారు కొమ్మలను అందుకునే జిరాఫీ మెడలోనూ ఏడే! కాకపోతే జిరాఫీ పూస ఒక్కొక్కటి 25 సెంటీమీటర్లకు పైగా పొడవుంటుంది. పాలిచ్చి పెంచే జంతువులలో స్లాత్, మనాటీ వంటి ఏ రెండు మూడో తప్ప ఈ లెక్క తప్పవు. పక్షుల సంగతి వేరు. గుడ్లగూబ మెడలో 14 పూసలుంటాయి. అందుకే అది కూర్చున్న కొమ్మ మీది నుంచి కదలకుండా ముఖాన్ని 270 డిగ్రీల దాకా తిప్పగలదు. మనం ఒక్కో పక్కకు 80, 90 డిగ్రీలు తిప్పితే గొప్ప.

పూసలో ఏముంది?

మెడలో మూడో పూస నుంచి ఏడో పూస దాకా అన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ముందువైపు ఒక చిన్న దిమ్మె, దాని వెనక ఎముకతో కట్టిన ఒక కమాను, ఈ రెండింటి నడుమ ఒక రంధ్రం. పూసలు ఒకదాని మీద ఒకటి చేరినప్పుడు ఆ రంధ్రాలన్నీ కలిసి సొరంగంలా ఏర్పడతాయి. ఆ సొరంగంలో నుంచి దిగివచ్చేదే వెన్నుపాము. మీ చిటికెన వేలంత లావున్న ఆ మెత్తని తాడులో నుంచే మెదడు పంపే ఆజ్ఞలు కాళ్లకూ చేతులకూ వెళతాయి. కాలికి ముల్లు గుచ్చుకున్న కబురు మెదడుకు చేరేదీ ఆ దారినే.

దిమ్మెకూ దిమ్మెకూ మధ్య మెత్తలాంటి డిస్కు ఉంటుంది. అది కుదుపులను మింగేస్తుంది. మెడ పూసలకు మాత్రమే ఉన్న మరో ప్రత్యేకత ఏమిటంటే, వాటి రెండు పక్కలా రెండు చిన్న బెజ్జాలుంటాయి. ఏడో పూసను వదిలేస్తే, మిగిలిన ఆరు పూసల బెజ్జాలలో నుంచీ రక్తనాళాలు పైకి పాకి, మెదడు వెనక భాగానికి రక్తం అందిస్తాయి. పూసల సందుల్లో నుంచి ఎనిమిది జతల నాడులు బయటికి వస్తాయి. వాటిలో మూడు, నాలుగు, అయిదు జతల నుంచి పుట్టే ఫ్రెనిక్ నాడి ఛాతీలోకి దిగి ఉదరవితానాన్ని కదిలిస్తుంది. మనం ఊపిరి పీల్చుకునేది ముఖ్యంగా ఆ కండరంతోనే. కనక మన ఊపిరి తాడు మెడలోనే కట్టి ఉందన్నమాట! ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

చుట్టకుదురు, తిరగలి

ఇప్పుడు మొదటి రెండు పూసల దగ్గరికి వద్దాం. ఇవి మిగతా అయిదింటిలా ఉండవు.

నీళ్ల కుండ నెత్తిన పెట్టుకునే ముందు, గుడ్డను గుండ్రంగా చుట్టి తల మీద పెట్టుకోవడం మీరు చూసే ఉంటారు. అదే చుట్టకుదురు. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఊరికే నిలబడదు, చుట్టకుదురు మీద పెడితే కుదురుగా కూర్చుంటుంది. మన పుర్రె అడుగు కూడా గుండ్రమే. అందుకే ప్రకృతి దానికీ ఒక చుట్టకుదురు అమర్చింది. అదే మెడలోని మొదటి పూస. దీనికి దిమ్మె లేదు. ఇది వట్టి ఉంగరం. దీని మీద రెండు పక్కలా రెండు లోతు తక్కువ గుంటలుంటాయి. పుర్రె అడుగున ఉన్న రెండు బుడిపెలు సరిగ్గా ఆ గుంటలలో కూర్చుంటాయి. అవునంటూ మీరు తల ఊపినప్పుడు, ఊయల బల్లలాగా ఆ బుడిపెలు గుంటలలో ముందుకూ వెనక్కూ ఊగుతాయి.

ఈ పూసకు అట్లాస్ అని పేరు. గ్రీకుల పురాణ కథలలో ఆకాశాన్ని భుజాల మీద మోసే వీరుడి పేరది. మన పెద్దలు పెట్టి ఉంటే ఆదిశేషుడని పెట్టేవారేమో! మన పాఠ్యపుస్తకాలు దీనిని శీర్షధరం అంటాయి. అంటే తలను ధరించేదని అర్థం.

రెండో పూస పేరు ఆక్సిస్, తెలుగులో అక్షకశేరుకం. దీని దిమ్మె మీద నుంచి పంటిలాగా ఒక మొన నిలువుగా పైకి లేచి ఉంటుంది. ఆ మొన అట్లాస్ ఉంగరంలోకి దూరి నిలబడుతుంది. కందులు విసిరే తిరగలి చూశారా? కింది రాతి మధ్య ఒక ఇనుప మేకు ఉంటుంది. పై రాయి ఆ మేకు చుట్టూ తిరుగుతుంది. ఇక్కడా అంతే. కాదంటూ మీరు తల తిప్పినప్పుడు పుర్రె, అట్లాస్ రెండూ కలిసి ఆ మొన చుట్టూ తిరుగుతాయి. మెడ మొత్తం తిరిగే తిరుగుడులో దాదాపు సగం ఈ ఒక్క కీలు దగ్గరే జరుగుతుంది. మిగిలిన సగాన్ని కింది పూసలు తలా కొంచెం పంచుకుంటాయి. సరేనంటూ తల పక్కకు వంచుతాం చూడండి, ఆ పని చాలావరకు కింది పూసలదే.

ఇంకో తమాషా ఉంది. అట్లాస్‌కు దిమ్మె లేదన్నాం కదా, అది ఏమైంది? తల్లి కడుపులో శిశువు పెరిగేటప్పుడు అట్లాస్‌కు చెందవలసిన దిమ్మె దాని నుంచి విడిపోయి, కింది పూసకు అతుక్కుపోతుంది. ఆ మొన అదే! ఒక పూస తన ఎముకను వదులుకుని పక్కదానికి ఇరుసుగా ఇచ్చింది కాబట్టే మనం వెనక నుంచి పిలిచిన స్నేహితుడి వైపు తల తిప్పి చూడగలుగుతున్నాం.

గాజుతో ప్రయోగం

అయితే తిరగలికీ మెడకూ ఒక పెద్ద తేడా ఉంది. తిరగలి మేకు సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. మెడలోని మొన ఉంగరంలో ముందువైపు అంచుకు ఆనుకుని ఉంటుంది. ఎందుకంటే దాని వెనక ఉన్న చోటు వెన్నుపాముకు కావాలి. గట్టి ఎముక మొన, దాని వెనకనే వెన్నలాంటి వెన్నుపాము. రెండింటి మధ్య ఎముక గోడ ఏదీ లేదు. మరి ఆ మొన వెనక్కి వాలి వెన్నుపామును నొక్కకుండా ఆపుతున్నదేమిటి?

దీనిని మీరే చేసి చూడండి. ఒక ప్లాస్టిక్ గాజు, ఒక పెన్సిలు, గట్టి దారం, లావుపాటి దూది వత్తి తీసుకోండి. గాజు అట్లాస్, పెన్సిలు మొన, వత్తి వెన్నుపాము. పెన్సిలును బంకమట్టిలో నిలువుగా గుచ్చి, గాజును దాని మీద నుంచి దించి, గాజు ముందటి అంచు పెన్సిలుకు ఆనేటట్టు పట్టుకోండి. ఇప్పుడు పెన్సిలు వెనకనుంచి, గాజు ఈ పక్కకూ ఆ పక్కకూ దారాన్ని బిగించి ముడివేయండి. దారం వెనక, గాజు లోపల, వత్తిని నిలబెట్టండి. గాజును కుడికీ ఎడమకూ కొద్దిగా తిప్పండి. పెన్సిలు దాని చోటులో అది ఉంటుంది, వత్తికి ఏమీ కాదు. ఇప్పుడు దారం కత్తిరించి గాజును ముందుకు లాగండి. ఏమైంది? గాజు వెనకటి అంచుకూ పెన్సిలుకూ నడుమ చిక్కుకుని వత్తి నలిగిపోయింది.

మన మెడలో ఆ దారం పని చేసేది ఒక సంధిబంధనం. ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీలను సంధిబంధనాలు లేదా లిగమెంట్లు అంటారు. అట్లాస్ ఉంగరంలో ఈ పక్క నుంచి ఆ పక్కకు, మొన వెనకగా అడ్డంగా సాగే ఈ పట్టీని అడ్డ బంధనం అందాం. ఇది మీ చిటికెన వేలి గోరంత వెడల్పుంటుంది. కొల్లాజెన్ అనే గట్టి నారతో తయారైంది కాబట్టి దాదాపు సాగదు. ఇది సాగకపోవడమే మన అదృష్టం. దీని నుంచి ఒక పాయ పైకి పుర్రెకూ, ఒక పాయ కిందికి రెండో పూసకూ పోతాయి. అన్నీ కలిసి చూస్తే కూడిక గుర్తులా కనిపిస్తుంది.

మొన కొస దగ్గర నుంచి మరో రెండు పొట్టి పట్టీలు రెండు పక్కలా పుర్రెకు పోతాయి. ఇవి ఎద్దుల పగ్గాల వంటివి. తల మితిమీరి తిరగబోతే బిగుసుకుని ఆపేస్తాయి.

ఈ ఉంగరం లోపల ముందు నుంచి వెనకకు సుమారు 3 సెంటీమీటర్లు ఉంటుంది. 1968లో స్టీల్ అనే అమెరికన్ ఎముకల వైద్యుడు ఆ చోటును ఒక సులువైన లెక్కలో చెప్పాడు. మూడింట ఒక వంతు మొనకు, ఒక వంతు వెన్నుపాముకు, మిగిలిన ఒక వంతు ఖాళీ. ఆ ఖాళీయే మనకున్న మిగులు. దాదాపు ఒక్క సెంటీమీటరు! పట్టీ తెగినా, ఎముక విరిగినా, మొన జరిగింది ఆ సెంటీమీటరు లోపలే అయితే మనిషి నడిచి వెళ్లగలడు. అది దాటితే నడవలేడు.

సాగని పట్టీలు, సాగే పట్టీలు

మిగతా పూసలను కూడా పట్టీలే కట్టి ఉంచుతాయి. దిమ్మెల ముందు ఒక పొడవాటి పట్టీ, దిమ్మెల వెనక మరొకటి, రిబ్బన్ల లాగా పైనుంచి కింది దాకా సాగుతాయి. ముందుది తలను మరీ వెనక్కి వాలనివ్వదు. వెనకది మరీ ముందుకు వంగనివ్వదు.

కమానులను కలిపే పట్టీలు వీటిలా తెల్లగా కాక పసుపుపచ్చగా ఉంటాయి. ఎలాస్టిన్ అనే పదార్థం వీటిలో ఎక్కువ. పేరులోనే ఉన్నట్టు అది రబ్బరులా సాగుతుంది. మీరు తల వంచినప్పుడు ఈ పట్టీలు సాగుతాయి, ఎత్తినప్పుడు మడతలు పడకుండా కుదించుకుంటాయి. మడత పడితే అది సొరంగంలోకి పొడుచుకు వచ్చి వెన్నుపామును తాకుతుంది కదా! అందుకే అక్కడ రబ్బరు వంటిదే కావాలి. మొన వెనక సాగని పట్టీ, కమానుల మధ్య సాగే పట్టీ. ఎక్కడ ఏది ఉండాలో అదే ఉంది.

ఎద్దు మెడ వెనక ఇలాంటి పసుపుపచ్చ పట్టీయే తాడంత లావున ఉంటుంది. గంటల తరబడి మేసే పశువు తన బరువైన తలను కండరాలతోనే మోయవలసివస్తే అలసిపోతుంది. తల దించినప్పుడు ఈ పట్టీ సాగుతుంది, ఎత్తేటప్పుడు స్ప్రింగులా లాగి సాయం చేస్తుంది. మేక మెడ మాంసంలో ఎంత ఉడికించినా మెత్తబడని పసుపు పీచు కనిపిస్తే, అది ఇదేనని గుర్తుపట్టండి. కొల్లాజెన్ ఉడికితే జిగురుగా కరుగుతుంది, ఎలాస్టిన్ కరగదు. నిటారుగా నడిచే మనిషికి దీని అవసరం తగ్గింది. మన మెడ వెనక అది పలచని పొరలా మాత్రమే మిగిలింది.

పట్టు తప్పితే

ఈజిప్టులో దొరికిన, సుమారు 3,600 ఏళ్ల నాటి ఒక పాపిరస్ వైద్య గ్రంథం ఉంది. దానిని కొన్నవాని పేరు మీద ఎడ్విన్ స్మిత్ పాపిరస్ అంటారు. మెడ పూస తప్పి, కాళ్లూ చేతులూ ఉన్నాయో లేవో తెలియని స్థితిలో ఉన్న రోగి గురించి అందులో రాసి ఉంది. ఇది తాను వైద్యం చేయగల జబ్బు కాదని ఆ వైద్యుడు తేల్చాడు. ఇన్ని వేల ఏళ్ల తరవాత శస్త్రవైద్యులు తప్పిన పూసను సరిచేయగలుగుతున్నారు, మరలతో బిగించగలుగుతున్నారు. కాని పూర్తిగా తెగిన వెన్నుపామును మళ్లీ అతికించే విద్య ఈనాటికీ లేదు. కనక తెగకుండా చూసుకోవడమే మార్గం.

మన దేశంలో మెడ పూసలు దెబ్బతినడానికి ముఖ్య కారణాలు రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుంచి పడిపోవడం. మీ వయసువారికి మరొకటి ఉంది. అది నీళ్లలోకి తలకిందులుగా దూకడం. కృష్ణా, గోదావరి డెల్టాలలో వేసవికి కాలువలు కట్టేస్తారు. మొన్న నిలువులోతు ఉన్న చోట ఇవాళ మోకాలి లోతే ఉండవచ్చు. పైనుంచి చూస్తే బురద నీటిలో తేడా తెలియదు. తల నేలకు కొట్టుకుని ఆగిపోతుంది. వెనక వస్తున్న ఒంటి బరువంతా మెడ మీద పడుతుంది. ఇలాంటప్పుడు ఎక్కువగా విరిగేది అయిదో పూస, లేక ఆరో పూస. అక్కడ వెన్నుపాము నలిగితే భుజాలు కదులుతాయి కాని వేళ్లు కదలవు, కాళ్లు కదలవు. దెబ్బ అంతకంటె పైన తగిలితే ఊపిరే ఆగిపోతుంది. ఫ్రెనిక్ నాడి ఎక్కడ పుడుతుందో గుర్తుంది కదూ!

నడినెత్తి మీద దెబ్బ తగిలితే ఒక్కొక్కసారి అట్లాస్ ఉంగరమే ముక్కలవుతుంది. 1920లో జెఫర్సన్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు ఇలాంటి గాయాలను వివరించాడు. విచిత్రమేమిటంటే, ఇలా ఉంగరం పగిలినవారిలో చాలామందికి పక్షవాతం రాదు. ముక్కలు బయటివైపుకు జరుగుతాయి కాబట్టి లోపలి చోటు పెరుగుతుంది, వెన్నుపాము బతికిపోతుంది.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఎముక విరిగిన క్షణంలో బతికిపోయిన వెన్నుపాము, తరవాత ఎవరో జాలిపడి తల ఎత్తిన క్షణంలో నలిగిపోవచ్చు.

మీరు చేయవలసింది

దారిలో ఎవరైనా బండి మీద నుంచి పడితే జనం ఏం చేస్తారు? పరుగున వచ్చి లేపి కూర్చోబెడతారు. తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగిస్తారు. నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో ముడిచి పడుకోబెడతారు. అందరి మనసూ మంచిదే. కాని గాజు ప్రయోగంలో దారం తెగాక గాజును లాగినట్టే అవుతుంది.

కనక ఇలా చేయండి. ముందు ఒకరు 108కి ఫోను చేయాలి. వాహనాలు మీదికి రాకుండా ఒకరు చూడాలి. ఒకరు గాయపడినవారి తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తలను రెండు చేతులతో రెండు పక్కలా కదలకుండా పట్టుకోవాలి. ఉన్నది ఉన్నట్టుగా పట్టుకోవాలే కాని, వంకర తీయడానికి ప్రయత్నించకూడదు. ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్ లాగకూడదు. నీళ్లు తాగించకూడదు.

ఇంకొకటి. "మెడ నొప్పిగా ఉందా?" అని అడిగితే ఆయన వెంటనే ఏం చేస్తారు? వ్యాసం మొదట్లో మీరు చేసిన పనే! అందుకని అడిగే ముందే చెప్పండి: "తల ఊపకండి, నోటితోనే చెప్పండి."

నిప్పు అంటుకున్నా, నీట మునుగుతున్నా, ఊపిరి ఆగిపోయినా మాత్రం ఆగకూడదు. ప్రాణం ముందు, మెడ తరవాత. అప్పుడు కూడా తల, మెడ, నడుము ఒకే గీతలో ఉండేటట్టు నలుగురు కలిసి ఒక్కసారిగా కదిలించాలి. బల్లగాని తలుపు చెక్కగాని దొరికితే దానిమీద పడుకోబెట్టాలి. నీళ్లలో ఉంటే ఒంటినంతా ఒకేసారి వెల్లకిలా తిప్పి, ముఖం పైకి ఉండేటట్టు తేలుస్తూ పట్టుకోవాలి.

మీ సొంత మెడ విషయంలోనూ కొంచెం జాగ్రత్త. లోతు తెలియని నీళ్లలోకి మొదట కాళ్లతోనే దిగండి. క్షౌరశాలలో తల పట్టి పటుక్కుమనిపించబోతే వద్దని చెప్పండి. పూసల బెజ్జాలలో నుంచి పోయే రక్తనాళం ఆ మెలికకు లోపల చిరిగి, పక్షవాతం వచ్చినవారున్నారు.

ఇవాళ సాయంత్రం గాజు, పెన్సిలు, దారం తీసుకుని ఇంట్లోవాళ్లకు ఈ ప్రయోగం చేసి చూపించండి. దారం కత్తిరించే ముందు వాళ్లనే అడగండి, వత్తికి ఏమవుతుందని.